రగ్బీ ఆటలో దండనము – దాని ధర్మము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీత సాహిత్యములను గూర్చి పెద్దలు ప్రసంగించు ఈ వేదికపై రగ్బీ ఆటను గూర్చి మాటాడ బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. దీనికొక కారణము కలదు. మా కుమారుడును కోడలును బదిలీపై దూరముననున్నందున మనుమరాలు మా యొద్ద చదువుకొనుచున్నది. అది గత సంవత్సరము పాఠశాల రగ్బీ జట్టులో చేరెదనని పట్టుపట్టి, అనుమతి పత్రమును నా ముందుంచినది. మా ఇంటావిడ ఆ ఆటను ఒక్కసారి టెలివిజన్‌లో చూచి, "ఇది ఆటా, కుమ్ములాటా? పిల్లను దీనికి పంపుతారా?" అని అడిగినది. సంతకము చేయుటకు ముందు ఆట నియమములను చదివితిని. ముప్పదియేండ్లు ఫైళ్లలో నిబంధనలను తిరుగవేసినవానికి అది కష్టము కాదు గదా!

ముందుగా ఆట స్వరూపమును రెండు మాటలలో చెప్పెదను. రగ్బీ యూనియన్‌లో జట్టునకు 15 మంది. ఆటకాలము 80 నిమిషములు. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని ఎత్తుకొని పరుగెత్తి, ఎదుటివారి గీత ఆవల నేలకు తాకించినచో అది ‘ట్రై’. దానికి 5 పాయింట్లు. ఆపై గోలుకొట్టినచో మరి 2. బంతిని చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో అందించవలెను. బంతి పట్టినవానిని మాత్రమే పట్టి పడవేయవచ్చును. మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టుట ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు.

ఇక తప్పుల మాట. మన సర్వీసులో 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమములలో 11వ నియమమనగానే మీరందరును నిటారుగా కూర్చుందురు. అందు మైనర్ పెనాల్టీలు, మేజర్ పెనాల్టీలు అని రెండు తెగలు. రగ్బీలోను తప్పులకు తారతమ్యము కలదు. బంతి చేజారి ముందునకు పడుట తప్పే యైనను అది చేతగానితనము మాత్రమే. అందుకు దండన లేదు. ‘స్క్రమ్’ అను ముఖాముఖి పోటీతో ఆట తిరిగి మొదలగును, బంతిని వేయు హక్కు ఎదుటి జట్టుది. కొన్ని చిన్న తప్పులకు ఫ్రీకిక్. దానినుండి నేరుగా గోలుకొట్టి పాయింట్లు పొందరాదు. అదే బంతిని బుద్ధిపూర్వకముగా ముందునకు కొట్టినను, ఆఫ్‌సైడ్‌లో నిలిచి ఎదుటివారి దారి కట్టినను, క్రిందపడియు బంతిని విడువకున్నను, మెడ పట్టి లాగినను అది పెనాల్టీ.

ఇక్కడనే మన కార్యాలయమునకును ఆ మైదానమునకును గల భేదము నాకు స్పష్టమైనది. మన పెనాల్టీ తప్పు చేసినవానిని చూచును. నష్టపోయినవానిని సాధారణముగా చూడదు. రగ్బీ పెనాల్టీ ముందుగా నష్టపోయినవారిని చూచి, "మీకేమి కావలెను?" అని అడుగును. వారు గోలుకు కొట్టి 3 పాయింట్లు సంపాదింపవచ్చును. బంతిని ప్రక్కగీత దాటునట్లు దూరముగా తన్ని, అచ్చట తామే తిరిగి లోనికి విసరవచ్చును. స్క్రమ్ కోరవచ్చును. లేదా బంతిని కాలితో తాకించి తక్షణమే పరుగు తీయవచ్చును. తప్పుచేసినవారు 10 మీటర్లు వెనుకకు పోవలెను. రిఫరీతో వాదించినచో శిక్ష మరి 10 మీటర్లు ముందునకు జరుగును. ఈ నియమము మన సమావేశములలోను ఉన్నచో ఎంత కాలము కలిసివచ్చునో!

ఇంతకన్న సూక్ష్మమైనది ‘అడ్వాంటేజ్’. తప్పు జరిగినను, నష్టపోయిన జట్టు ముందంజలో నున్నచో రిఫరీ ఈల వేయక, వారి వైపు చేయి చాచి ఆటను సాగనిచ్చును. వారికి మేలు కలుగకున్నచో తప్పు జరిగిన చోటికే ఆటను మరలించును.

తప్పు చేసినవాడు దానివలన లాభపడరాదను ఈ ధర్మము తగవులాడి నేర్చుకొన్నదే. 1870 ప్రాంతపు దశాబ్దములో కలకత్తాలో రగ్బీ ఆడిన ఒక క్లబ్బు మూతపడినప్పుడు, బ్యాంకులోని వెండి రూపాయలను కరిగించి ఒక పాత్ర చేయించిరి. నాగుపాములు పిడులుగా, మూతపై ఏనుగుగా గల ఆ కలకత్తా కప్పు కొరకు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుండి పోటీపడుచున్నవి. 1884లో బ్లాక్‌హీత్‌లో ఆ రెండు జట్లు తలపడగా, స్కాట్లండు ఆటగాడొకడు బంతిని చేతితో వెనుకకు కొట్టెను. ఇంగ్లండువారు దానిని గైకొని ట్రై సాధించిరి. అట్లు కొట్టుట దోషము గనుక ఆట అప్పుడే ఆగవలసినదని స్కాట్లండువారి వాదము. దోషము మీది, లాభమును మీదేనా యని ఇంగ్లండువారి ప్రశ్న. తగవు ముదిరి 1885లో వారిరువురు ఆడనే లేదు. 1886లో స్కాట్లండు, ఐర్లండు, వేల్సు కలిసి అంతర్జాతీయ బోర్డును స్థాపించినవి. ఇంగ్లండు 1890లో చేరినది. నేటి వరల్డ్ రగ్బీ సంస్థ ఆ బోర్డు పరిణామమే.

ఇక మా ఇంటావిడ భయమునకు సమాధానము. భుజములకు పైన పట్టుట, మనిషిని పైకెత్తి తలక్రిందులుగా పడవేయుట, స్క్రమ్‌ను కూల్చుట – ఇవన్నియు నిషిద్ధములు. అపాయకరమైన ఆటకును, పదేపదే చేయు తప్పునకును పసుపు కార్డు చూపి 10 నిమిషములు మైదానము వెలుపల కూర్చుండబెట్టుదురు. ఘోరమైన తప్పునకు ఎర్ర కార్డు. ఆ ఆటగాడు తిరిగి ఆడరాదు. తప్పు జరుగకున్నచో ట్రై తప్పక వచ్చియుండెడిదని రిఫరీ తలచినచో పెనాల్టీ ట్రై యిచ్చును. 2017 నుండి దానికి నేరుగా 7 పాయింట్లు.

నియమము వ్రాసినంతమాత్రమున మెడకు రక్ష కలుగదని కూడ ఎరుగుదును. అందుచే ఒక ఆదివారము మైదానమునకు పోయి కూర్చుంటిని. ఒక బాలిక ఎదుటి పిల్ల మెడపై చేయి వేయగానే ఈల మ్రోగినది. శిక్షకురాలు ఆట ఆపి, నడుమును ఎట్లు పట్టవలెనో అందరకు చూపినది. ఇంటికి వచ్చి సంతకము చేసితిని.

మన దేశపు బాలికలకు ఈ ఆట అందనిదికాదు. 2019లో మనీలాలో మన మహిళల జట్టు సింగపూరును 21–19తో ఓడించి, పదునైదుగురి ఆటలో తొలి అంతర్జాతీయ విజయమును పొందినది. ఆట ముగియవచ్చిన వేళ ఆ గెలుపును తెచ్చినది ఒక పెనాల్టీ గోలు. దానిని కొట్టినది ఒడిశా యువతి సుమిత్రా నాయక్. ఎదుటివారు తప్పు చేసినప్పుడు కోపపడక, బంతిని నేలపై నిలిపి, గురిచూచి తన్నినది. న్యాయము అడిగి తీసికొనుట యనగా నా కర్థమైనంతవరకు అదియే.

మా మనుమరాలు ఇప్పుడు జట్టులో ఆడుచున్నది. మా ఇంటావిడ మైదానమునకు వచ్చుచున్నది. రిఫరీకన్న ముందుగా "హై టాకిల్!" అని కేక వేయునది ఆమెయే.