పిరమిడ్‌లో వేట అంగడి

మెంఫిస్ అనగానే నైలునది, ప్రాచీన ఈజిప్టు రాజుల సమాధులు తలపునకు వస్తవి. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రాన, మిసిసిపీ నది ఒడ్డున మరొక మెంఫిస్ ఉన్నది. పేరు తెచ్చుకొన్నవారు అంతటితో ఊరకుండక, 1991లో 321 అడుగుల పిరమిడ్‌ను కూడ నిలుపుకొన్నారు. మొదట అది క్రీడాశాల. 2015 నుండి అది వేటకూ, చేపలు పట్టుటకూ కావలసిన సామగ్రి అమ్మే బ్రహ్మాండమైన అంగడి. బాస్ ప్రో షాప్స్ అనే సంస్థ దానిని నడుపుతున్నది. 1972లో మిస్సోరీ రాష్ట్రంలో జానీ మోరిస్ అనే యువకుడు తన తండ్రి మద్యపుకొట్టులో ఒక మూల గాలపు సామాను పెట్టి అమ్మగా పెరిగిన వ్యాపారమిది.

లోపల అడుగిడగానే అంగడికి వచ్చినామా, అడవికి వచ్చినామా అన్న సందేహం మాకు కలిగినది. చిత్తడినేలల్లో పెరిగే సైప్రస్ వృక్షాల ఆకృతులు కప్పువైపు లేచి ఉన్నవి. వాని మొదళ్ళ చుట్టూ నీటిమడుగులు. అందులోని చేపలూ, బాతులూ, మొసళ్ళూ సజీవమైనవే. గట్టుమీదినుండి మనవైపు చూచే జంతువులు మాత్రం లోపల కూరి నిలిపిన చర్మాలు. నడుమ 28 అంతస్తుల ఎత్తుకు లిఫ్టు పోతున్నది. పైనుండి చూస్తే మిసిసిపీ విశాలంగా కనుపిస్తుంది.

వానపామును గుచ్చి చెరువుగట్టున కూర్చునే మనవారికి అక్కడి ఎరలే ఒక వింత. రంగురంగుల కృత్రిమపు ఎరలు వరుసలుగా వ్రేలాడుతున్నవి. బాతుకూతను అనుకరించే బూరలున్నవి. నీటిపై తేలే బొమ్మబాతులున్నవి. మన వేటకాండ్రు దీమమనేది ఇటువంటిదే. మనది బ్రతికిన పిట్ట, వారిది బొమ్మపిట్ట. ఆవల తుపాకులు, విండ్లు, అమ్ములు.

ఇన్ని ఆయుధాలు అమ్ముడుపోయే దేశంలో అడవిమృగం ఎట్లు మిగిలినది? ఒకప్పుడు మిగులలేదు. ఆకాశాన్ని కప్పివేసిన ప్యాసింజర్ పావురాల జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించినది. తరువాత వేటకు ఋతువులూ, హద్దులూ గట్టిగా అమలైనవి. 1937 నాటి చట్టం తుపాకులపై, తూటాలపై విధించే పన్నును వన్యప్రాణుల రక్షణకు కేటాయించినది. 1950లో గాలపు సామానుకూ అట్టి ఏర్పాటే జరిగినది. తయారీదారు చెల్లించే ఆ పన్ను ధరలో కలిసి కొనువానిపై పడుతుంది. గత శతాబ్ది ఆరంభాన సుమారు ఐదు లక్షలకు తగ్గిన తెల్లతోక జింకలు నేడు దాదాపు మూడు కోట్లు.

ఈ పద్ధతిలో న్యాయమున్నది: అడవినుండి తీసికొనువాడు అడవికి కొంత తిరిగి ఈయవలె. చిక్కూ ఉన్నది: వేటకాండ్రు తగ్గితే రక్షణధనం తగ్గుతుంది.

మన మార్గం వేరు. 1972లో మనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. 1991 సవరణతో వినోదపు వేటకు తలుపు మూతపడినది. కనుక మన అడవికి వేటకాడు సుంకం కట్టడు. ఆ ఖర్చు ప్రజల ఖజానాది, అనగా మనందరిది. నల్లమలలో పులి అడుగుజాడ నిలువవలెనంటే, తుపాకి పట్టని మనమే ఆ ఋణం తీర్చవలసి ఉన్నది.