పెద్ద గుడారము



కుటుంబానికి పెద్ద గుడారం కావాలనుకునేవారు ముందు గుడ్డ వెడల్పు చూస్తారు. యెషయా 54:2లో ప్రవక్త వెడల్పుతో ఆగలేదు. త్రాళ్లను, మేకులను కూడా జ్ఞాపకం చేశాడు. గుడ్డ పెద్దదైనకొద్దీ గాలి పట్టు ఎక్కువ. గాలి బలమేమిటో 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మన జిల్లాకు చూపించింది.

1792లో విలియం కేరీ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఈ వాక్యభాగం నుండే ప్రసంగించాడు. మరుసటి సంవత్సరమే భారతదేశానికి వచ్చాడు.

ప్రియులారా, వృద్ధులైన తలిదండ్రులకు, ఇల్లు కూలిన పొరుగువారికి మీ ఇంట చోటున్నదా? చోటిస్తే ఖర్చు, విసుగు అనే గాలి కూడా పెరుగుతుంది. అందుచేత అనుదిన కుటుంబ ప్రార్థన అనే మేకును లోతుగా దించండి. అప్పుడు తలుపు ధైర్యంగా తెరవండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.