రైలు వేగం పెరిగితే దవాఖానలో మంచాలు పెరుగుతాయా?

(భివండీ మరమగ్గాల కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముంబై నుంచి అహ్మదాబాదుకు బుల్లెట్ రైలు దారి కడుతున్నారు. 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు. మనకు దగ్గరగా ఠాణేలో ఒకటి. సాంచాలు నడిపే మనవాళ్లున్న సూరత్ కూడా ఈ దారి మీదనే ఉన్నది. గంటకు 320 కిలోమీటర్ల వేగమట. “జబ్బు చేస్తే ఇక పెద్ద దవాఖానకు గంటలో పోవచ్చు” అని మొన్న పాళీ దిగుతూ ఒక తమ్ముడన్నాడు.

టికెట్టు కొనగలిగితే పోవచ్చు. పోయినాక ఏమిటి?

పరేల్‌లో కె.ఇ.ఎం. 1926లో, టాటా మెమోరియల్ 1941లో మొదలయ్యాయి. అప్పుడు చుట్టూ మిల్లులు. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. రోగులు మాత్రం దేశం నలుమూలల నుంచి వస్తూనే ఉన్నారు. వాళ్ల బంధువులు ఫుట్‌పాత్ మీద పడుకోవడం మీరు చూసిందే. రైలు రోగిని తెస్తుంది గాని మంచాన్ని, నర్సును తేదు. క్యూ ఇంకా పెరుగుతుంది. డబ్బున్నవాడు ప్రైవేటుకు పోతాడు, మనం క్యూలో నిలబడతాం.

చైనా సంగతి చూడండి. అక్కడ 2008 నుంచి వేగపు రైళ్లు నడుస్తున్నాయి. వేరే రాష్ట్రం దవాఖానలో చేరినవారికి బీమా డబ్బు అక్కడికక్కడే చెల్లించే ఏర్పాటు దేశమంతటా మొదలైంది 2017లో. అంతదాకా చాలామంది ముందు జేబు నుంచి కట్టి, తర్వాత సొంత ఊళ్లో బిల్లులు పెట్టుకున్నవారే. రైలు ముందు పోయింది, బీమా తొమ్మిదేళ్లు వెనక నడిచింది.

మన బీమా మాటేమిటి? ఇ.ఎస్.ఐ. రావాలంటే పదిమంది పనివాళ్లు ఉండాలి. ఒకే షెడ్డును మూడు పేర్ల మీద రాయించే సేట్లున్నారు. అక్కడ పదిమంది ఎన్నడూ లెక్కకు రారు!

మన జబ్బులు కూడా రైలెక్కి నయం చేసుకునేవి కావు. నూలు దుమ్ముకు సెలవు మరునాడు ఛాతీ పట్టేస్తుంది. టీబీ మందు ఆర్నెల్లు వదలకుండా మింగాలి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు ఎన్ని పాళీలు వదులుకుంటాడు? వీటికి నడిచిపోయే దూరంలో దవాఖాన కావాలి, ఎక్స్‌రే కావాలి, మందు కావాలి.

రైలు వద్దని నేననను. వేగం రెండు వైపులా పనిచేస్తుంది. రోగి అటు పోగలిగితే డాక్టరు ఇటు రాగలడు. వారంలో రెండు రోజులు ఊపిరితిత్తుల డాక్టరు భివండీ సర్కారు దవాఖానలో కూర్చోవాలి. షెడ్లలో అసలు తలలు లెక్కపెట్టి ఇ.ఎస్.ఐ. కార్డులివ్వాలి. ఈ రెండూ వినతిపత్రంలో రాశాం. సభ అయినాక సంతకం పెట్టకుండా ఎవరూ కదలవద్దు.