‘అనైహిలేట్’ అను ఇంగ్లీషు క్రియ – దాని యర్థము, వాడుక

(సంఘ సాహిత్య గోష్ఠియందు చదువబడిన ప్రసంగ పాఠము)



దినమంతయు కచేరీలో ఇంగ్లీషు వ్రాసి, సాయంకాలము ఇల్లు చేరి తెలుగు మాటలాడువారికి, సెలవునాడు కూడ ఒక ఇంగ్లీషు క్రియను గూర్చి వినుట కచేరీ పనియే యని తోచవచ్చును. అయినను ఆ క్రియ సామాన్యమైనది కాదు. ‘అనైహిలేట్’ అనగా ఉన్నదానిని బొత్తిగా లేకుండ చేయుట. ఇంతటి పని దేవతలకును దుష్కరము. పత్రికలలో క్రికెట్టు వార్తలు వ్రాయువారు మాత్రము దీనిని తరచుగా చేయుచుందురు. అట్లు ‘లేకుండ పోయిన’ జట్టు మరుసటి ఆటకు యథాప్రకారము మైదానమునకు వచ్చుచునే యుండును.

పదము పుట్టుక లాటిన్ భాషలో నున్నది. ‘నిహిల్’ అనగా ‘ఏమియు లేదు’ అని. దానికి ‘అడ్’ అను ఉపసర్గ చేరి, ‘ఏమియు లేని స్థితికి చేర్చుట’ అను అర్థము కలిగెను. నడుమనున్న ‘హ’కారము వ్రాతలోనిదే కాని పలుకులోనిది కాదు, ఊనిక ‘నై’ అను భాగముపై పడును. కచేరీవారికి ఈ వంశము క్రొత్తది కాదు. నెలనెలా పైకి పంపబడు ‘నిల్ రిపోర్టు’లోని ‘నిల్’ అనునది ‘నిహిల్’ యొక్క కుదించిన రూపమే.

ఈ క్రియకు జ్ఞాతులు కొన్ని కలవు. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క చిత్రము దాగియున్నది. ‘అబ్లిటరేట్’ అనుదానిలో ‘లిటెరా’, అనగా అక్షరము, ఉన్నది. వ్రాసిన అక్షరమును చెరిపివేయుట దాని మొదటి భావము. ‘ఎక్స్‌టర్మినేట్’ అనగా పూర్వము పొలిమేర దాటించి వెడలగొట్టుట. ‘డెసిమేట్’ అనునది రోమను సైన్యములోని శిక్ష: తిరుగబడిన దళమున పదిమందికొక్కని చంపుట. నేడు దానిని ‘చాలభాగము నాశనము చేయుట’ అను అర్థమున వాడుచున్నారు. లెక్క తెలిసినవారికి అది కొంత వింతగా నుండును. ‘ఎరాడికేట్’ అనుదానిలో ‘రాడిక్స్’, అనగా వేరు, ఉన్నది. వేరుతో పెరికివేయుట దాని భావము.

ఇక తెలుగును చూచినచో, ఈ సంపద మనకు తక్కువ కాదు. రూపుమాపుట, తుడిచిపెట్టుట, నేలమట్టము చేయుట, మట్టుపెట్టుట, నామరూపములు లేకుండ చేయుట, కూకటివ్రేళ్లతో పెకలించుట – ఇవి యన్నియు జీవముగల పలుకుబడులు. వీనిలో ‘తుడిచిపెట్టుట’ అబ్లిటరేటుకు చెల్లెలు; ‘కూకటివ్రేళ్లతో పెకలించుట’యు, సంస్కృతము నుండి వచ్చిన ‘నిర్మూలనము’ను ఎరాడికేటుకు కవలలు. ‘అనైహిలేట్’ అనుదానికి దగ్గరగా వచ్చునది ‘నామరూపములు లేకుండ చేయుట’. పేరును, ఆకారమును పోయిన పిమ్మట వస్తువును గూర్చి చెప్పుకొనుటకేమియు మిగులదు గదా!

ఈ భేదము నిఘంటువులలో పడియుండునది మాత్రమే యని తలపరాదు. 1936లో డాక్టరు అంబేద్కరు లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండలి వార్షిక సభకు అధ్యక్షోపన్యాసము సిద్ధపరచెను. అందలి భావములు నిర్వాహకులకు మింగుడుపడలేదు. సభ జరుగలేదు, ఉపన్యాసము పలుకబడలేదు. ఆయన దానిని స్వంత వ్యయముతో అచ్చు వేయించెను. ‘అనైహిలేషన్ ఆఫ్ కాస్ట్’ అని దానికి పేరు. తెలుగువారు దానిని ‘కుల నిర్మూలన’ యని పిలిచిరి. పదమునకు పదము చూచినచో ఇది సరిపోలిక కాదు: ఇంగ్లీషు పేరు ‘శూన్యము చేయుట’ యనగా, తెలుగు పేరు ‘వేరు తీయుట’ యనును. కాని గ్రంథము చదివినవారికి తెలుగు పేరే లోపలి వాదమునకు మరింత దగ్గరగా తోచును. సహపంక్తి భోజనములు చాలవనియు, కులాంతర వివాహములు కావలెననియు, అన్నిటికిని అడుగున నున్నది శాస్త్రములు పవిత్రములను నమ్మకమనియు, దానిని తాకక కులము పోదనియు ఆయన వాదించెను. అది వేరును గూర్చిన వాదము. కొమ్మలు నరికినవారు చెట్టు పోయినదని సంతసింపరాదని దాని సారము.

వేరు పోయినదో లేదో చూడక ‘నిర్మూలనము’ అను మాటను ముందుగా వాడినచో ఏమగునో ప్రభుత్వ దస్తరములే చెప్పగలవు. మలేరియా కారక జీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులో, 1897లో. స్వాతంత్ర్యము వచ్చిన నాళ్లలో దేశమున ఏటేట సుమారు 7.5 కోట్ల మందికి ఈ జ్వరము సోకుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమయ్యెను. డి.డి.టి. చల్లుటచే కలిగిన ఫలితమును చూచి, 1958లో పేరులోని ‘నియంత్రణ’ తీసి ‘నిర్మూలన’ యని చేర్చిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు 1 లక్షకు దిగెను. విజయము చేతికందినట్లే యుండెను. కాని దోమలు మందుకు లొంగుట మానెను, మందు సరఫరా తగ్గెను, శ్రద్ధ సడలెను. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటెను. 1977లో క్రొత్త పథకము వేసి, మరల అదుపు చేయుటనే లక్ష్యముగా పెట్టుకొనవలసి వచ్చెను. పేరు మారినంత మాత్రమున వేరు ఊడలేదు.

మశూచి విషయమున మాత్రము ఆ మాట నిలిచెను. అది మనుష్యులలో తప్ప జంతువులలో నిలువదు; సోకినవాని ముఖము చూచిననే తెలియును; టీకా దీర్ఘకాలము కాపాడును. అందుచే ఊరూర వెదకి, రోగి చుట్టునున్న వారికి టీకాలు వేసి, దానిని తరిమిరి. మన దేశమున చివరి కేసు 1975లో కనబడెను. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ మశూచి భూమిపై నుండి నిర్మూలమైనదని ప్రకటించెను. ఇంటిలోని పెద్దవారి భుజముపై నున్న టీకా మచ్చ ఆ విజయమునకు గుర్తు. అయినను మశూచి ‘అనైహిలేట్’ కాలేదు. అమెరికాలో నొకటి, రష్యాలో నొకటి, రెండు ప్రయోగశాలలలో ఆ విషక్రిమి నేటికిని భద్రపరుపబడియున్నది. వేరు పోయినది, విత్తనము తాళము క్రింద నున్నది. ‘ఎరాడికేట్’ అనుదానికిని ‘అనైహిలేట్’ అనుదానికిని గల భేదమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకుట కష్టము.

పదార్థ విజ్ఞానశాస్త్రజ్ఞులు ఈ పదమును పారిభాషికముగా గ్రహించిరి. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రానును కనుగొనెను. అది ఎలెక్ట్రానుతో కలిసినపుడు రెండును మాయమగును. ఆ సంఘటనకు ‘అనైహిలేషన్’ అని పేరు. కాని అక్కడను శూన్యము మిగులదు. వానికి బదులుగా రెండు గామా కిరణములు వెలువడును. ఆ కిరణములనే పట్టుకొని, ఆసుపత్రులలో ‘పెట్ స్కాన్’ అను యంత్రము శరీరములోని వ్యాధిని చిత్రించుచున్నది. నాశనమను పేరుగల క్రియ రోగి ప్రాణమునకు ఉపకరించుచున్నది!

మన తార్కికులు ఈ లేమిని గూర్చి ఎంతయో సూక్ష్మముగా విచారించిరి. ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావము నాలుగు విధములని చెప్పెను. కుండ చేయకమునుపటి లేమి వేరు. కుండ పగిలిన పిమ్మటి లేమి వేరు. రెండవది ప్రధ్వంసాభావము, దానికి మొదలు కలదు, తుద లేదు. పగిలిన కుండ మరల రాదు. క్రొత్త కుండ రావచ్చును, అది వేరొక కుండ. ‘అనైహిలేట్’ అని వ్రాయు కలము ఈ తుదలేని లేమిని ఒక నిమిషము తలచుకొనుట మంచిది.

కావున వాడుకయందు ఒక క్రమము పాటింపవచ్చును. ఓడినదానిని ఓడినదనియే చెప్పవలెను. తగ్గినదానిని తగ్గినదని, వేరుతో పోయినదానిని నిర్మూలమైనదని చెప్పవలెను. ఏమియు మిగులనపుడే ‘అనైహిలేట్’ అను పెద్దమాటను తీయవలెను. గడువు తీరిన ఫైళ్లను ఏరి పారవేయుటను కచేరీలో ‘వీడింగు’ అందురు. కలుపు తీయుట అని దాని యర్థము. ఎంత సరియైన మాట! కలుపు తీయువాడు పైరును తాకడు. ఏది ఉంచవలెనో తెలిసినవానికే తీయు అధికారము.

భాషలోని మాటలను ఎవ్వరును పనిగట్టుకొని నిర్మూలింపరు. పలుకుట మానినచో అవి తామే పోవును. పరప్రాంతములలో పెరుగుచున్న మన పిల్లలకు ‘అనైహిలేట్’ అను మాట బడిలో తెలియును. ‘కూకటివేరు’ అనగా తల్లివేరని మాత్రము ఇంటిలో పెద్దలు చెప్పిననే తెలియును. నేటి రాత్రి భోజనముల వేళ ఆ యొక్క మాటను పిల్లలకు చెప్పినచో ఈ ప్రసంగము సార్థకమగును.