మదనపల్లెలో పియానో విదుషి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పియానోకూ మన కరవు సీమకూ సంబంధమేమిటని మీరనుకోవచ్చు. మన జిల్లా నుంచి కదిరి దాటి వెళితే వచ్చే మదనపల్లెలో ఒకప్పుడు పియానో నేర్చిన విదుషి ఒకరు ఉండేవారు. ఆమె మార్గరెట్ కజిన్స్. 1878లో ఐర్లండులో జన్మించి, డబ్లిన్‌లో చదివి, 1902లో సంగీతంలో పట్టభద్రురాలయ్యారు. ఆ విద్యతో సుఖంగా బ్రతకవచ్చు. కాని స్త్రీలకు ఓటుహక్కు కోసం పోరాడి 1910లో, 1913లో జైలుకెళ్లారు. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో ఇండియాకు వచ్చారు. ఆయన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ విడిది చేశారు. 'జనగణమన' పాడి వినిపించి, అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాటకు మార్గరెట్ పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసిపెట్టారు. ఐదు గీతల మీద గుర్తు ఉన్న చోటును బట్టి స్వరం, దాని ఆకారాన్ని బట్టి ఎంతసేపు నిలపాలో తెలుస్తాయి. పియానోలో మెట్టుకొక స్వరమే. మెట్ల మధ్య జారే మన గమకం దానికి అందదు. అయితే వందలమంది ఒక్క గొంతుతో పాడే పాటకు ఆ నిలకడే కావాలి.

1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడడానికి ఆమే ముఖ్య కారకులు. 1932లో ప్రభుత్వ నిర్బంధ చట్టాలను ఎదిరించి వేలూరు జైలుకెళ్లారు. వృద్ధాప్యంలో పక్షవాతం వచ్చింది. 1949లో మద్రాసు ప్రభుత్వం 5,000 రూపాయలు ఇచ్చి గౌరవించింది. 1950 జనవరి 24న 'జనగణమన' జాతీయ గీతమైంది. అది చూసే భాగ్యం ఆమెకు దక్కింది. 1954లో కన్నుమూశారు.

సోదరీసోదరులారా! నేర్చిన విద్యకు పదవీ విరమణ లేదు. మన పల్లెల చెక్కభజన పాటలు తెలిసినవారు మనలోనే ఉన్నారు. వాటిని స్వరజ్ఞానం ఉన్నవారి దగ్గర పాడి రాయించండి. మనుమలూ మనుమరాళ్లూ బడిలో జాతీయ గీతం పాడినప్పుడు, మదనపల్లె సంగతి, మార్గరెట్ అమ్మగారి సంగతి వారికి చెప్పండి. ఇదే నా మనవి.