మళ్ళీ అదే ఓడ ఎందుకు ఎక్కుతారు?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సాలూరులో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. పెన్షను అనేది ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే ఈ రోజును మనం పండుగలా జరుపుకుంటున్నాం. కరువు భత్యం గురించి, బకాయిల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "మాస్టారూ, మీరు అమెరికాలో ఓడ ఎక్కారట కదా, ఆ కబుర్లు చెప్పండి" అన్నారు. కబుర్లు చెబుతాను. అయితే చివర మన సంఘం సంగతి కూడా ఒకటి చెబుతాను. దయచేసి టీ రాగానే లేచిపోవద్దని మనవి.

మా ఇంట్లో ఓడ అంటే మొదటినుంచీ భయమే. మా తాతగారు కుర్రతనంలో రంగం వెళ్ళారు. ఆ రోజుల్లో మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వేలమంది బర్మాకు కూలి పనులకు వెళ్ళేవారు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అనేవారు. తాతగారు వెళ్ళింది స్టీమరు డెక్కు మీద. ఎండా వానా అక్కడే, వంటా నిద్రా అక్కడే. పై అంతస్తులో తెల్లదొరలు సూట్లు వేసుకుని భోజనానికి కూర్చునేవారట. 1942లో జపాను సేనలు బర్మాలోకి రాగానే కాలినడకన ఇల్లు చేరారు. బతికున్నంతకాలం, "ఓడ మనలాంటోళ్ళది కాదురా బాబూ" అనేవారు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

2023 మార్చిలో హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. అల్లుడుగారు ముందే టిక్కెట్లు కొని ఉంచారు. హ్యూస్టన్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో గాల్వెస్టన్ అనే రేవు ఉంది. అక్కడినుంచి మెక్సికో దేశపు కోజుమెల్ దీవికి వెళ్ళి రావాలి. ఐదు పగళ్ళు, నాలుగు రాత్రులు. ఓడ కంపెనీ పేరు చెప్పను, చెబితే ప్రకటన అవుతుంది. ఆడంబరం లేని సాదా ఓడ అని మాత్రం చెప్పగలను.

మా ఆవిడ ఆ వెనక వరసలోనే కూర్చుని ఉంది కాబట్టి అబద్ధం చెప్పలేను. ఆవిడ మూడు రోజులు అలిగింది. "నాకు మోకాళ్ళ నొప్పులు. ఫోర్కుతో తినడం చేతకాదు. అంతమంది దొరసానుల మధ్య నేత చీర కట్టుకుని ఎక్కడ కూర్చునేది?" అన్నది ఆవిడ వాదన. పైకి నచ్చచెప్పాను గాని, లోపల నా భయమూ అదే. మనకు ఖర్చు భయం కొంత, చిన్నబోతామేమోనన్న భయం చాలా. వయసు మీద పడ్డాక ఈ రెండో భయం ఇంకా పెరుగుతుంది. అవునా, కాదా?

ఓడ ఎక్కిన మధ్యాహ్నమే ఆ భయం తీరింది. పై అంతస్తులో పెద్ద భోజనశాల. ఎవరికి కావలసింది వారు వడ్డించుకోవచ్చు. చుట్టూ చూస్తే నిక్కర్లు, బనీన్లు, రబ్బరు చెప్పులు. పక్క బల్ల దగ్గర ఒక భారీ ఆసామి కోడికాలు రెండు చేతులతో పట్టుకుని తింటున్నాడు. మా ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. "ఏమండీ, ఇక్కడ నేను చేత్తో తింటే ఎవరైనా ఏమైనా అనుకుంటారా?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు ఎవరూ చూడలేదు. చేతిసంచీలోంచి సీలు వేసిన పచ్చడి ప్యాకెట్టు తీసి, చింపి, అన్నంలో కలుపుకుంది. అలక అంతటితో సరి.

రెండో రోజు ఓడ వరండాలో ఒక అమెరికను పెద్దావిడ పరిచయమయ్యారు. ఆవిడా రిటైరయిన టీచరే. వృత్తి ఒకటే కావడంతో మాట కలిసింది. ఆ కంపెనీ ఓడ ఎక్కడం ఆవిడకు పదకొండోసారట! నేను ఆశ్చర్యపోయి, "ఇంతకన్నా గొప్ప ఓడలు ఉన్నాయి కదా, మళ్ళీ మళ్ళీ ఇదే ఎందుకు?" అని అడిగాను. ఎన్ని రాత్రులు గడిపారో లెక్కగట్టి కార్డులు, చిన్న చిన్న కానుకలు ఇచ్చే పద్ధతి ఓడ కంపెనీల్లో ఉన్నది. బహుశా దానికోసమేమో అనుకున్నాను. ఆవిడ నవ్వేశారు. "ఆ కార్డు కోసం ఎవరు వస్తారు? నా భర్త పోయి ఆరేళ్ళయింది. మా ఊరి హోటలుకు వెళితే ఒక్కరేనా అని అడుగుతారు. ఇక్కడ అడగరు. నాకు తోడు కావాలంటే నలుగురున్న బల్ల దగ్గర కుర్చీ వేస్తారు. వద్దనుకుంటే నా దారిన నన్ను వదిలేస్తారు" అన్నారు.

ఇంటికి వచ్చాక ఈ విషయం గురించి కొంత చదివాను. ఒకప్పుడు సముద్రయానం అంటే తరగతుల వ్యవహారం. టైటానిక్ ఓడలో మూడు తరగతులు ఉండేవన్న సంగతి మీకు తెలిసినదే. విహార ఓడలు వచ్చాక కూడా చాలాకాలం ఫలానా గంటకు, ఫలానా బల్ల దగ్గర, ఫలానా దుస్తుల్లో భోజనం చెయ్యాలనే నియమం ఉండేది. 1972లో అమెరికాలో కార్నివాల్ అనే కంపెనీ ఒక పాత ఓడను కొని మార్డీ గ్రా అని పేరు పెట్టి నడిపింది. మొదటి ప్రయాణంలోనే అది మయామీ రేవు దాటుతూ ఇసుకమేటలో చిక్కుకుంది. నలుగురూ నవ్వారు. అయినా సామాన్యులు సరదాగా గడిపే ఓడలుగా చెప్పుకుని ఆ కంపెనీ నిలదొక్కుకుంది. తరువాత 2000లో నార్వేజియన్ అనే మరో కంపెనీ భోజనానికి నిర్ణీత వేళ, నిర్ణీత బల్ల అనే పద్ధతిని ఎత్తివేసింది. ఆకలైనప్పుడు, నచ్చిన చోట, నచ్చినవారితో తినవచ్చు. వినడానికి చాలా చిన్న మార్పు. కాని మా తాతగారు చెప్పిన పై అంతస్తుకూ కింది డెక్కుకూ మధ్య ఉన్న మెట్లను తీసేసింది అలాంటి చిన్న మార్పులే.

దీనికోసం అమెరికా దాకా వెళ్ళనక్కరలేదు. మన సాలూరు లారీల ఊరు. రాయపూరు లైనులో తిరిగిన డ్రైవర్లు మన వీధుల్లో ఎంతోమంది ఉన్నారు. నా దగ్గర చదువుకున్న ఒకతను పాతికేళ్ళు ఆ లైనులో బండి నడిపాడు. సుంకి ఘాటీ ఎక్కాక, దారిలో ఎన్ని ధాబాలున్నా అతను ఒక్కచోటే ఆపేవాడు. కూర అంత బాగుంటుందా అని అడిగాను. "కూరదేముంది మాస్టారూ, అన్నిచోట్లా ఒకటే. అక్కడైతే గ్రీజు బట్టల్తో మంచం మీద వాలినా ఎవడూ లెమ్మనడు" అన్నాడు. గాల్వెస్టన్ ఓడ మీద టీచరుగారు చెప్పిందీ, మన లారీ డ్రైవరు చెప్పిందీ ఒకటే మాట. మనిషి రుచి కోసం ఒకసారి వెళతాడు. తనను చిన్నబుచ్చని చోటికి పదిసార్లు వెళతాడు.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. సాదాతనం వేరు, నిర్లక్ష్యం వేరు. భోజనశాలలో ఏ నియమమూ లేని ఆ ఓడ, ప్రమాద శిక్షణ విషయంలో మాత్రం ఎవరినీ ఉపేక్షించలేదు. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడికి చేరాలో ముందే చెప్పారు. అక్కడికి స్వయంగా వెళ్ళి హాజరు వేయించుకోవాలి. రాని వారిని మైకులో పిలిచారు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి కూడా అక్కడ చెల్లలేదు, మెల్లగా నడిపించుకుని తీసుకువెళ్ళారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా అనే విహార ఓడ ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి ఆ శిక్షణ ఇవ్వలేదు. ఆ తరువాతనే ఓడ బయలుదేరకముందే, లేదా బయలుదేరిన వెంటనే శిక్షణ జరపాలని అంతర్జాతీయ నిబంధన మార్చారు. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల బోటు మునిగి ఎన్ని కుటుంబాలు శోకంలో మునిగాయో మీరు మరిచిపోలేదు. కాబట్టి బట్టల విషయంలో పట్టింపు లేని చోట, లైఫ్ జాకెట్టు విషయంలో పట్టింపు ఉందో లేదో చూసుకుని మరీ ఎక్కండి.

ఇంకో సంగతి. మన హాయి వెనక ఎవరి శ్రమో ఉంటుంది. మా గది శుభ్రం చేసిన కుర్రవాడు ఇండోనేషియావాడు. రోజూ సాయంత్రం తువ్వాలును ఏనుగులాగో, కుందేలులాగో మడిచి మంచం మీద పెట్టేవాడు. మా ఆవిడకు పొద్దున్నే వేడినీళ్ళు కావాలని ఒక్కసారి చెబితే, రెండో రోజు నుంచి అడగకుండానే తెచ్చాడు. వాళ్ళు నెలల తరబడి వారాంతపు సెలవు కూడా లేకుండా పనిచేస్తారు. వాళ్ళ ఇంట్లో చిన్న పాప ఉందట, ఫొటో చూపించాడు. దిగేరోజు మా ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి దీవించింది. అతనికి తెలుగు రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. కాని ఇద్దరికీ అర్థమయింది.

వెళ్ళదలచుకున్నవారికి రెండు సూచనలు. పెట్టెలు మన చేతికి ఇవ్వకుండా తరువాత గదికి పంపిస్తారు, కనుక బీపీ, షుగరు మాత్రలు చేతిసంచీలోనే ఉంచుకోవాలి. టిక్కెట్టు ధర చూసి మురిసిపోకూడదు. పనివారి బక్షీసు, ఇంటర్నెట్టు, ఓడలో డాక్టరు ఫీజు వేరుగా పడతాయి. వైద్య బీమా లేకుండా బయలుదేరవద్దు. విశాఖ రేవు నుంచి కూడా 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ అనే విహార ఓడ పుదుచ్చేరి, చెన్నైల వైపు వెళ్ళింది. అంటే ఇది మనకు అందని ద్రాక్ష కాదన్నమాట.

ఇప్పుడు చెబుతానన్న రెండో సంగతి.

నేను ఈ సంఘానికి కొంతకాలం కార్యదర్శిగా పనిచేశాను. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, మన సభ్యుడొకరు పోయిన రెండు నెలలకు, ఆయన భార్య కాగితాల కట్ట పట్టుకుని మన ఆఫీసు గుమ్మంలో నిలబడింది. లోపల మేం నలుగురం మగవాళ్ళం బల్ల చుట్టూ కూర్చుని ఉన్నాం. నేను కళ్ళజోడు పైకెత్తి, "ఏం పనమ్మా?" అన్నాను. అంతే. కూర్చోమనలేదు. కుర్చీ లేక కాదు, తోచక. ఆవిడ, "మళ్ళీ వస్తాను బాబూ" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కుటుంబ పెన్షను మంజూరు కావడానికి ఎవరెవరి కాళ్ళో పట్టుకుని తిరిగిందని తరువాత తెలిసింది. మన దగ్గరకు వచ్చి ఉంటే, పదిహేను నిమిషాల్లో ఫారం నింపి పంపేవాళ్ళం.

ఓడ మీద ఆ టీచరుగారు "ఇక్కడ కుర్చీ వేస్తారు" అన్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఈ తల్లే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నకారా తీర్పు మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం వచ్చిన మనిషికి మనం కుర్చీ ఇవ్వలేదు. డబ్బు కట్టించుకునే ఓడవాడికి ఉన్న ఇంగితం, కష్టసుఖాలు తెలిసిన మనకు లేకపోయింది. ఆ తప్పు నాది. నలుగురిలో చెప్పుకుంటేనే నా మనసు తేలికవుతుందని చెబుతున్నాను.

మన సభలకు సభ్యులు తగ్గిపోతున్నారని అధ్యక్షులవారు ఇందాక బాధపడ్డారు. చందా కట్టేవాళ్ళు కూడా రావడం లేదన్నారు. నాకు తోచిన కారణం చెబుతాను, కోపగించుకోవద్దు. మన సభ ఇంకా ఆఫీసులాగే ఉంది. వేదిక, దండలు, శాలువలు, గెజిటెడ్ హోదావారు ముందు, నాలుగో తరగతివారు వెనక. రిటైరయ్యాక కూడా ఎందుకండీ ఈ వరసలు? వెనక వరసలో కూర్చున్న మన అటెండరుగారు సర్వీసులో ఉండగా నిలబడే ఉన్నారు. ఇప్పుడైనా ముందు కూర్చోకూడదా?

కావున నా విన్నపం ఇది. నెలకొక ఆదివారం సాయంత్రం వేదిక లేకుండా, మైకు లేకుండా, కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుందాం. లుంగీతో వచ్చినా సరే, మనవరాలిని ఎత్తుకుని వచ్చినా సరే. ముందు టీ, తరువాతే మాటలు. ఫారాలు నింపే బల్ల దగ్గర ఒక సోదరీమణి తప్పక ఉండాలి. మా ఆవిడ ఆ పనికి ఒప్పుకుంది. ఆవిడకు రూల్సు తెలియవు, కాని వచ్చినవారిని కూర్చోబెట్టడం బాగా తెలుసు. రూల్సు నేను చూసుకుంటాను. లెక్కల విషయంలో మాత్రం ఓడవాడి లైఫ్ జాకెట్టులాగా పట్టింపు ఉండవలసిందే.

ఆనాడు గుమ్మంలోంచి వెనుదిరిగిన సోదరి ఈ రోజు సభకు రాలేదు. వేగావతి అవతలి వీధిలో కొడుకు దగ్గర ఉంటున్నారని తెలిసింది. వచ్చే ఆదివారం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళి, మొదటి సమావేశానికి పిలుస్తాం. రావడం రాకపోవడం ఆవిడ ఇష్టం. వస్తే మాత్రం కుర్చీ వేసి ఉంటుంది.

టీ వచ్చినట్టుంది. పెన్షనర్ల ఐక్యత వర్ధిల్లాలి. సెలవు.