థర్మోకోల్ రెక్కకు బాల్సా తొడుగు

ఆకాశమున ఎగురు చిన్న నమూనా విమానమును చూచినప్పుడు మన దృష్టి ముందుగా మోటారు మీదికిని, రేడియో మీదికిని పోవును. కాని దానిని గాలిలో నిలుపునది రెక్క. ఆ రెక్కను ఇంటిలోనే తేలికగాను, దృఢముగాను నిర్మించు పద్ధతి నొకదానిని ఈనాడు శ్రోతలతో ముచ్చటింప దలచినాము.

పెట్టెలలో సామాను పగులకుండ పెట్టు తెల్లని థర్మోకోల్‌ను ఎఱుగనివారుండరు. అందు నూటికి 98 పాళ్లు గాలియే. తేలిక రకము ఘనమీటరుకు 16 కిలోగ్రాములు మాత్రమే తూగును, వంచినచో విఱుగును. బాల్సా ఈక్వెడారు దేశము నుండి వచ్చు మిక్కిలి తేలిక కలప. ఒకటిన్నర మిల్లీమీటర్ల పలక గోటితో నొక్కినను సొట్టపడును. ఈ రెండు బలహీనతల కలయికలో బలమెట్లు పుట్టును?

గాలి రెక్క కొనలను పైకి వంచ జూచును. అప్పుడు క్రింది పలక సాగును, పై పలక నొక్కుకొనును. పలుచని పలక ఒంటరిగా నున్నచో ముడుతపడి చిట్లవలసినదే. లోపలి థర్మోకోల్ దానిని అంతటను పట్టుకొని ముడుతపడనీయదు. 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరిన మస్కిటో అను బ్రిటిషు విమానమున కూడ ఈ సూత్రమే కలదు. అందు బాల్సా లోపల నుండగా, బర్చి ప్లైవుడ్ వెలుపల నుండెను.

థర్మోకోల్ దిమ్మెకు రెండు ప్రక్కలను రెక్క ఆకారపు అచ్చులను బిగించి, విద్యుత్తుతో వేడెక్కిన నిక్రోము తీగతో కోయవలెను. మొదటి అచ్చు పెద్దది, కొన అచ్చు చిన్నది. అయినను తీగ రెండు వైపులను ఒకేసారి బయలుదేరి ఒకేసారి చేరవలెను. అందుచేత రెండింటిని సమసంఖ్య భాగములుగా గుర్తించి, తండ్రి ఒక కొనను, కుమారుడు ఒక కొనను పట్టి, అంకెలు పైకి చెప్పుకొనుచు సాగుట మేలు. పొగ హానికరము గనుక తలుపులు తెఱచియుంచవలెను.

ద్రావకము కలిసిన జిగురులు థర్మోకోల్‌ను కరగించును. కావున ఎపాక్సీ వాడవలెను. దానిని పలకకే పలుచగా పూసి, మిగిలినది గీకివేయవలెను. ఒక లెక్క చూతము. 150 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కలో థర్మోకోల్ సుమారు 120 గ్రాములు, బాల్సా సుమారు 180 గ్రాములు ఉండును. జిగురు పూత మిల్లీమీటరులో పదియవ వంతు హెచ్చినచో 80 గ్రాములు పెరుగును! బలము పెరుగదు, బరువే పెరుగును.

కోయగా మిగిలిన పై క్రింది చిప్పలను పాఱవేయరాదు. పలకలు అంటించిన రెక్కను వాని నడుమ నుంచి, సమతలమైన బల్లపై బరువులెత్తి, ఎపాక్సీ పూర్తిగా గట్టిపడువఱకు కదపక యుంచవలెను. రెండు రెక్కలను కలుపు నడిమి అతుకుమీద వంపుబలము అత్యధికము గనుక, అచ్చట గాజునార పట్టీని ఎపాక్సీతో చుట్టవలెను.

బల్ల వంకరగా నున్నచో రెక్కయు వంకరగానే గట్టిపడును. అటుపిమ్మట దానిని సరిచేయుట దుస్సాధ్యము. అట్టి విమానము ఒక ప్రక్కకు ఒరిగి నేల గూలును; క్రింద మనుష్యులుండవచ్చును. కావున ఎగురవేయుటకు ముందు రెక్కను వెనుకనుండి కంటికెదురుగా పట్టి చూడుడు. రెండు వైపులను మెలిక ఒకే తీరున నున్నప్పుడే, జనసంచారము లేని మైదానమునకు దానిని కొనిపొండు.